చివరి నలుగురిలో మిగిలినప్పుడు: ఆగాలా, తోసెయ్యాలా, పంచుకోవాలా?

మా కోనసీమలో పేకంటే రమ్మీ. చెరువు గట్టు మీద షెడ్డులోనైనా, పెళ్ళివారి విడిదిలోనైనా, నలుగురు కూర్చుంటే పదమూడేసి ముక్కలు పంచుతారు. పోకర్ మా ఇంటికి హైదరాబాదులో ఉద్యోగాలు చేసే బావల వెంట వచ్చింది. ఇప్పుడు కనుమ నాడు ప్రభల తీర్థం చూసి తిరిగొచ్చాక, రాత్రి తొమ్మండుగురం కూర్చుని ఒక టోర్నమెంటు ఆడటం ఆనవాయితీ అయిపోయింది. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోం. బహుమతులు మావయ్య ఇస్తారు, పది డబ్బాల ఆత్రేయపురం పూతరేకులు. మొదట నిలిచినవాళ్ళకి అయిదు డబ్బాలు, రెండోవాళ్ళకి మూడు, మూడోవాళ్ళకి రెండు. నాలుగో స్థానానికి ఏమీ లేదు. ఈ వ్యాసమంతా ఆ నాలుగో స్థానం గురించే అనుకోండి.

డబ్బు పెట్టకపోవడం గురించి ముందే ఒక మాట. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే. ఆ తీర్పును అడ్డం పెట్టుకుని ఇప్పటికీ కొందరు ఫోన్లో డబ్బు పెట్టి ఆడొచ్చనుకుంటున్నారు. ఆడకూడదు. 2020లో మన రాష్ట్రం తన జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా ఆన్‌లైన్ డబ్బాటలను నిషేధిస్తూ చట్టం చేసింది. పోకర్‌లో ఉన్న లెక్క నాకు చాలా ఇష్టం. ఆ లెక్క రుచి తెలియడానికి పూతరేకులు చాలు.

ఇక ఆటలోకి వద్దాం. రమ్మీ అలవాటున్నవాళ్ళు పోకర్ టోర్నమెంటు చివర్లో ఎందుకు నష్టపోతారో నేను ఏళ్ళ తరబడి చూశాను. 201 పూల్ రమ్మీలో (201 పాయింట్లు చేరినవాళ్ళు ఔట్) ముక్కలు బాగోలేకపోతే మొదట్లోనే డ్రాప్ అవుతాం, 25 పాయింట్లు పడతాయి. రెండోసారి డ్రాపయినా అదే 25, ఎనిమిదోసారి అయినా అదే 25. ఎనిమిది డ్రాపులకి 200, అప్పటికీ ఆటలోనే ఉంటాం. ఓపిక పట్టడానికి అక్కడ ఒక స్థిరమైన ధర ఉంది. పోకర్ టోర్నమెంటులో ఓపిక ధర గంట గంటకీ పెరుగుతుంది. మా ఆటలో ఒక్కొక్కరికి 5000 చిప్పులు, అంటే బల్ల మీద మొత్తం 45,000. బ్లైండ్లు, అంటే ప్రతి పంపకంలో ఇద్దరు వంతులవారీగా ముక్కలు చూడకముందే తప్పక పెట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు, 25-50 తో మొదలై ఇరవై నిమిషాలకోసారి పెరుగుతాయి. మొదట్లో ప్రతివాళ్ళ దగ్గరా వంద పెద్ద బ్లైండ్లు. రెండు గంటల నలభై నిమిషాలు గడిచేసరికి బ్లైండ్లు 500-1000. అప్పుడు బల్ల మీదున్న చిప్పులన్నీ కలిపినా 45 పెద్ద బ్లైండ్లే. నలుగురు మిగిలితే సగటున మనిషికి పదకొండు.

అందుకని చివర్లో ముందు చూసుకోవాల్సింది చేతిలో ముక్కలు కాదు, ముందున్న కుప్ప. నా కుప్పలో ఎన్ని పెద్ద బ్లైండ్లున్నాయి? మిగతావాళ్ళ కుప్పల్లో ఎన్నున్నాయి? ముక్కలు తిప్పి చూసేది ఆ తర్వాతే.

ఆగడమా, తోసెయ్యడమా

6000 చిప్పులున్నాయి, బ్లైండ్లు 500-1000, నలుగురున్నారు అనుకుందాం. బల్ల ఒక చుట్టు తిరిగేసరికి, అంటే నాలుగు పంపకాలకి, ఏమీ ఆడకపోయినా 1500 పోతాయి. నాలుగు చుట్లలో, పదహారు పంపకాల్లో కుప్ప ఖాళీ. ఈలోపు మంచి ముక్కలు రావా అంటారు. పోకర్‌లో చేతికి వచ్చేవి రెండు ముక్కలే, మిగతా అయిదు అందరికీ కలిపి బల్ల మీద పడతాయి. పదుల జత నుంచి ఆసుల జత దాకా ఏదైనా, లేకపోతే ఆసు-రాజు, ఆసు-రాణి, వీటినే మంచి ముక్కలంటే అవి సుమారు 21 పంపకాలకి ఒకసారి వస్తాయి. పదహారు పంపకాల్లో ఒక్కసారైనా వచ్చే అవకాశం సగానికి కాస్త పైన. వచ్చేనాటికి మన దగ్గర మిగిలేది మూడు వేలో, రెండు వేలో. దాన్ని రెట్టింపు చేసుకున్నా బయల్దేరిన చోటుకే చేరతాం.

శివారు చేలున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. దాళ్వాలో వంతు నీళ్ళు వచ్చేదాకా ఆగుదామని కూర్చుంటే చేను నెర్రెలిచ్చేస్తుంది. మురుగుకాలవలో ఇంజను పెట్టి తోడుకోవడమే దారి, డీజిలు ఖర్చయినా సరే.

పది బ్లైండ్లకి దిగినప్పుడు నా సలహా ఇది: మీకంటే ముందు ఎవరూ ఆటలోకి దిగకపోతే, ఓ మాదిరి ముక్కలతో కూడా మొత్తం ముందుకి తోసెయ్యండి. ఎవరైనా అప్పటికే దిగి ఉంటే మాత్రం మీ ప్రమాణం బాగా పెంచుకోండి. తోసెయ్యడం, కాల్ చెయ్యడం (ఎదుటివాళ్ళు పెట్టినంతా మనమూ పెట్టడం) పైకి ఒకలాగే కనిపిస్తాయి, రెండింటిలోనూ చిప్పులన్నీ మధ్యలోకి వెళ్తాయి. కానీ లెక్కలో రెండూ వేరు.

మీ దగ్గర ఎనిమిది బ్లైండ్లున్నాయి, బటన్ మీద (పంచేవాళ్ళ స్థానంలో, మీ తర్వాత ఆడాల్సింది రెండు బ్లైండ్లవాళ్ళే) ఉన్నారు, మీ ముందువాళ్ళు ముక్కలు పడేసి తప్పుకున్నారు. మీరు మొత్తం తోశారు. వెనకున్న ఇద్దరూ వందలో 60 సార్లు పడేస్తారనుకోండి. ఆ 60 సార్లూ ముక్కలతో పనిలేకుండా ఒకటిన్నర బ్లైండ్లు మీవి. మిగిలిన 40 సార్లు పెద్ద బ్లైండు దగ్గరున్నవాళ్ళు కాల్ చేస్తారు. అప్పుడు మీరు గెలిచే అవకాశం 40 శాతమే అనుకుందాం, అంటే మీరే వెనకబడి ఉన్నారు. ఆ సందర్భాల్లో సగటున 1.4 బ్లైండ్లు నష్టం. రెండూ కలిపి చూడండి: ఒక్కో ప్రయత్నానికి 0.9 వచ్చి 0.56 పోయింది. నికరంగా మూడో వంతు బ్లైండు లాభం. పడేస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఇప్పుడు బల్లకి అటువైపు కూర్చోండి. అదే 40 శాతం గెలిచే ముక్కలతో మీరు పెద్ద బ్లైండు దగ్గరున్నారు, ఎదుటివాళ్ళు ఎనిమిది బ్లైండ్లు తోశారు. మీరు ఇంకా ఏడు పెట్టాలి, మధ్యలో పోగైన మొత్తం కుండ పదహారున్నర అవుతుంది. నలభై శాతంతో మీకు దక్కేది సగటున 6.6, పెట్టేది 7. నష్టం. ముక్కలు అవే, గెలిచే అవకాశమూ అదే. ముందు తోసినవాడికి లాభం, కాల్ చేసినవాడికి నష్టం. తోసినవాడికి గెలవడానికి రెండు దారులున్నాయి, ఎదుటివాళ్ళు పడెయ్యడం ఒకటి, షోలో నెగ్గడం రెండోది. కాల్ చేసినవాడికి రెండోది ఒక్కటే.

చిన్న రైజు ఎప్పుడు?

ఇరవై బ్లైండ్లు దాటి ఉంటే తోసెయ్యడం అనవసరం. రెండు బ్లైండ్లకో, రెండుంపావుకో పెంచితే చాలు, పడేసేవాళ్ళు దానికే పడేస్తారు. ఎవరైనా తిరిగి మొత్తం తోస్తే మీరు పడేసినా ఇంకా పద్దెనిమిది ఉంటాయి. పన్నెండు బ్లైండ్లున్నప్పుడు రెండున్నరకి పెంచి, ఎదుటివాళ్ళు తోస్తే పడెయ్యడం మాత్రం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. అయిదో వంతు కుప్ప ఒక్క పంపకంలో పోతుంది, బల్ల మీద ముక్కలైనా చూడకుండా. పన్నెండు దగ్గర ఉంటే తోసెయ్యండి, లేదా పడెయ్యండి. పదిహేను-ఇరవై మధ్య ఇంకొక మంచి దారి ఉంది: ప్రతిసారీ పెంచే మనిషి పెంచగానే మీరు మొత్తం తోసెయ్యడం. వాళ్ళు పెట్టిన రెండు బ్లైండ్లు కూడా మీ లెక్కలో కలుస్తాయి.

నాలుగో స్థానం దగ్గర

ఇప్పటిదాకా చెప్పింది చిప్పుల లెక్క. బహుమతుల లెక్క దీనికి సమానం కాదు. చివర్లో తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

చిప్పులు రెట్టింపు చేసుకున్నంత మాత్రాన పూతరేకులు రెట్టింపు కావు. బల్ల మీద చిప్పులన్నీ మీవే అయినా మీకొచ్చేది అయిదు డబ్బాలే, పది కాదు. అందుకే కొత్తగా గెలిచే చిప్పు కంటే ఉన్న చిప్పు పోవడం బరువు. దీన్ని కొలవడానికి ఒక సూత్రం ఉంది, పోకర్‌వాళ్ళు ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. దాని మూలం గుర్రప్పందేల్లో ఉంది. ఏ గుర్రం ఏ స్థానంలో వస్తుందో అంచనా వెయ్యడానికి 1973లో హార్విల్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు రాసిన పద్ధతిని 1987లో మేసన్ మాల్మత్ పోకర్ టోర్నమెంట్లకి వాడారు. పద్ధతి సులువే: మొదటి స్థానం వచ్చే అవకాశం మీ చిప్పుల వాటాకి సమానం. ఒకరు మొదట నిలిచారనుకుని వాళ్ళ చిప్పులు పక్కనపెట్టి, మిగిలినవాటిలో మీ వాటా ఎంతో చూస్తే రెండో స్థానం. అలాగే మూడోది.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. నలుగురం మిగిలాం. మావయ్య దగ్గర 20,000, నా దగ్గర 12,000, బావ దగ్గర 11,000, వదిన దగ్గర 2000. బ్లైండ్లు 500-1000. నేను పెద్ద బ్లైండు, మావయ్య చిన్న బ్లైండు. బావా వదినా పడేశారు. మావయ్య నా వైపు చూసి, "ఆల్ ఇన్ రా అబ్బాయ్" అన్నారు. నా చేతిలో ఆసు-రాణి, రెండూ వేరే రంగులు. సాయంత్రం నుంచీ అంత మంచి ముక్కలు రాలేదు. ఆయన ఏ ముక్కలతోనైనా తోస్తారని నాకు తెలుసు. కాల్ చేశాను. ఆయన ఎనిమిదుల జత తిప్పారు. బల్ల మీద అయిదు ముక్కలూ పడ్డాయి, ఆసూ రాలేదు, రాణీ రాలేదు. నాకు నాలుగో స్థానం. రెండు బ్లైండ్లతో మిగిలిన వదిన రెండు డబ్బాలు ఇంటికి పట్టుకెళ్ళింది.

ఆ రాత్రి నేను అదృష్టం గురించే బాధపడ్డాను. తర్వాత కాగితం మీద లెక్క వేశాక అర్థమైంది, అక్కడ ఆసు వచ్చి నేను గెలిచినా నా నిర్ణయం తప్పే.

పడేస్తే నా దగ్గర 11,000 మిగిలేవి. ఆ స్థితిలో నా సగటు వాటా 2.83 డబ్బాలు. కాల్ చేసి గెలిస్తే 24,000 చిప్పులు, వాటా 3.87 డబ్బాలు. ఓడితే సున్నా. ఒక డబ్బా కోసం దాదాపు మూడు డబ్బాలు పణంగా పెట్టాను. కాల్ సరైనది కావాలంటే నేను వందలో 73 సార్లు గెలవాలి. చిప్పుల లెక్కలో మాత్రమే చూస్తే 46 చాలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే నాలుగో స్థానం ధర.

ఆసు-రాణి వేరే రంగులైతే, ఎదుటివాళ్ళు ముక్కలు చూడకుండా తోసినా గెలిచే అవకాశం 64-65 శాతం. ఒకే రంగు ఆసు-రాజుకి 67. తొమ్మిదుల జతకి 72, అదీ సరిపోదు. పదుల జతకి 75. అంటే మావయ్య కళ్ళు మూసుకుని తోస్తున్నా నేను పదుల జతో అంతకు పైదో ఉంటేనే కాల్ చెయ్యాలి. ఆసు-రాజు కూడా పడెయ్యాలి. రమ్మీ బల్ల దగ్గర పెరిగినవాళ్ళకి డ్రాప్ చెయ్యడం కొత్త కాదు. కానీ రమ్మీలో చెత్త ముక్కలు పడేస్తాం. ఇక్కడ పడెయ్యాల్సింది సాయంత్రం నుంచీ ఎదురుచూసిన ముక్కలు. అది చేతులకి రావడానికి నాకు రెండు పండగలు పట్టింది.

అందుకే ఈ దశలో ఒకే ముక్కలకి కుప్పను బట్టి సలహా మారుతుంది.

పెద్ద కుప్ప మీదైతే, మధ్య కుప్పలవాళ్ళ మీద తోస్తూనే ఉండండి. వాళ్ళు కాల్ చెయ్యలేరు, పైన చూశారుగా. మావయ్యకి ఆ ఎనిమిదుల జత అవసరమే లేదు, ఏ రెండు ముక్కలైనా సరిపోయేవి. అన్నిటికంటే చిన్న కుప్ప మీద మాత్రం ఇంత దూకుడు పనికిరాదు. రెండు బ్లైండ్లున్న మనిషి పోగొట్టుకునేది తక్కువ, ఏ ముక్కలతోనైనా కాల్ చేస్తుంది.

మధ్య కుప్ప మీదైతే మీదే కష్టమైన స్థానం, దాన్ని ఒప్పుకోండి. పెద్ద కుప్పకి ఎదురెళ్ళకండి. మీకంటే చిన్న కుప్పలవాళ్ళు బ్లైండ్లలో ఉన్నప్పుడు మీరు తోయండి, ఎందుకంటే ఓడినా మీరు బల్ల మీదే ఉంటారు. బావ ఆ రాత్రి పెద్ద కుప్పకి ఎదురెళ్ళలేదు, ఎవరి జోలికీ వెళ్ళకుండా మా ఇద్దరినీ కొట్టుకోనిచ్చాడు.

చిన్న కుప్ప అయితే రెండు పరిస్థితులు. మీకంటే చిన్న కుప్ప ఇంకొకటి ఉండి, వాళ్ళ మీదికి పెద్ద బ్లైండు ముందొచ్చేలా ఉంటే ఆగండి. మీరే అందరికంటే చిన్న అయితే, పెద్ద బ్లైండు మీ మీదికి రాకముందే ఏ ఆసో, ఏ జతో, ఏ రాజో చూసుకుని తోసెయ్యండి. వదిన కుప్ప అందరికంటే చిన్నదే. కానీ ఇద్దరు పెద్దవాళ్ళం ఢీకొనేలా ఉన్నామని గమనించి పడేసింది. వదిన నిర్ణయమే ఆ బల్ల మీద అన్నిటికంటే సరైనది.

ఇంకొక హెచ్చరిక. ఈ సూత్రానికి ఎవరెలా ఆడతారో తెలియదు, తర్వాతి బ్లైండు ఎవరిదో కూడా తెలియదు. తర్వాతి పంపకంలో మీ సగం కుప్ప బ్లైండుకే పోయేలా ఉంటే, లెక్క చెప్పిన దానికంటే కాస్త ధైర్యం చెయ్యొచ్చు.

ముగ్గురు మిగిలాక: ఆడడమా, పంచుకోవడమా

అర్ధరాత్రి దాటుతుంది, పిల్లలు నిద్రకి ఏడుస్తుంటారు, ఎవరో ఒకరు "పంచేసుకుందామండీ" అంటారు. ఎలా పంచాలి? ముగ్గురి దగ్గర 22,500, 13,500, 9000 ఉన్నాయనుకుందాం. డబ్బాకి పదేసి పూతరేకులు, మొత్తం వంద.

సమానంగా పంచితే తలా 33, ఒకటి మిగులుతుంది. పెద్ద కుప్పవాళ్ళకి అన్యాయం. నేరుగా చిప్పుల వాటా ప్రకారం 50, 30, 20 పంచితే ఇంకా అన్యాయం: మొదటి మనిషికి ఆట ముగించకుండానే మొదటి బహుమతి పూర్తిగా వచ్చేస్తుంది, మూడో మనిషికి మూడో బహుమతి కంటే ఒక్కటీ ఎక్కువ రాదు. ఆ ఒప్పందానికి మూడో మనిషి ఎందుకు ఒప్పుకోవాలి? చాలామంది వాడే పద్ధతి, మూడో బహుమతి ఇరవై ముగ్గురికీ ముందే ఇచ్చేసి మిగిలిన నలభైని చిప్పుల వాటాలో పంచడం. అప్పుడు 40, 32, 28 వస్తాయి. ఐసీఎం ప్రకారమైతే 38, 33, 29. ఈ రెండింటికీ తేడా చిన్నదే, కానీ ఆ చిన్న తేడా ఎప్పుడూ పెద్ద కుప్ప వైపే మొగ్గుతుంది. మీది పెద్ద కుప్పయితే ఇరవై ముందే ఇచ్చేసే పద్ధతి అడగండి, చిన్నదైతే ఐసీఎం అడగండి. నన్ను మధ్యవర్తిగా పిలిస్తే ఐసీఎం అంకెలే చెప్తాను. ఒక స్థానం నుంచి పై స్థానానికి వెళ్ళే అవకాశాలన్నీ అందులో లెక్కకొస్తాయి.

అసలు పంచుకోవాలా వద్దా అంటే, బ్లైండ్లు చూడండి. సగటు కుప్ప పది బ్లైండ్లకి దిగితే ఇక మిగిలేది తోసెయ్యడమూ పడెయ్యడమే, అప్పుడు పంచుకోవడం మంచిది. ఇంకా ఇరవై ఉంటే, మీరు మిగతా ఇద్దరికంటే బాగా ఆడతారని నిజాయితీగా అనుకుంటే, ఆడండి. మా ఇంట్లో మావయ్య పంచడానికి ఒప్పుకోరు. "ప్రభ తీర్థానికి చేరకుండా మధ్యలో దింపుతామా?" అంటారు. ఆయన మాట మీద నాకు గౌరవమే. అయినా ముగ్గురూ ఎనిమిదేసి బ్లైండ్లతో ఉన్న రాత్రి మాత్రం పంచుకోవడమే నయమని ఆయనతోనే వాదించాను.

ఇద్దరే మిగిలితే

ఇక్కడ ఐసీఎం గొడవ లేదు. రెండో స్థానం ఇద్దరికీ ఖాయం, మిగిలిన రెండు డబ్బాల కోసమే పోటీ, కాబట్టి చిప్పుల లెక్కే బహుమతి లెక్క. నాలుగో స్థానం దగ్గర నేర్చుకున్న జాగ్రత్తంతా ఇక్కడ వదిలెయ్యాలి. పది బ్లైండ్లున్నప్పుడు చిన్న బ్లైండు నుంచి సగానికి పైగా ముక్కలతో తోసెయ్యాలి: ఏ ఆసైనా, ఏ జతైనా, రాజున్న ముక్కలు దాదాపు అన్నీ. ఎదుటివాళ్ళు తోస్తే కాల్ చేసే ముక్కలు అంతకంటే తక్కువ ఉండాలి, కానీ ముగ్గురున్నప్పటి కంటే చాలా ఎక్కువే.

ఒక చిన్న నియమం దగ్గర ప్రతి పండక్కీ గొడవ వస్తుంది, ముందే తేల్చుకోండి. ఇద్దరే ఉన్నప్పుడు బటన్ ఎవరి దగ్గరుంటే చిన్న బ్లైండు వాళ్ళే పెడతారు. ఫ్లాప్‌కి (బల్ల మీద మొదట పడే మూడు ముక్కలకి) ముందు వాళ్ళే మొదట ఆడతారు, ఫ్లాప్ పడ్డాక వాళ్ళే చివర ఆడతారు. మా ఇంట్లో రెండేళ్ళు దీన్ని తిరగేసి ఆడాం.